తాత నడక

చోడవరం,
9 ఫిబ్రవరి 2025, ఆదివారం.

గౌతమి అక్కకి,

చెల్లెలు దేవిశ్రీ నమస్కారాలు. పెద్దమ్మ పాదాలకి వేరే నమస్కారం. అది నోటితో చెప్పడం నీకు కష్టమైతే ఈ కాగితం ఆవిడ కనబడేచోట పెట్టు, చాలు. మీ ఇద్దరి ఒంట్లో బాగుందని ఆశపడుతున్నాను. ఇక్కడ అందరం బతికే ఉన్నాం. క్షేమం అన్న మాట మాత్రం ఈసారి రాయలేను.

నా ఫోను నువ్వు ఎత్తవని తెలుసు. ఎత్తకపోవడం న్యాయమే. అందుకే ఉత్తరం. కె.కోటపాడులో నువ్వు పాఠాలు చెప్పే బడికే పంపుతున్నాను. పిల్లల ముందు చింపెయ్యవని ఒక ధైర్యం. అడగవలసింది ముందే అడిగేస్తాను, తరవాత చదవడం మానేసినా ఇది మిగులుతుంది. ఈ నెల ఇరవయ్యో తారీకు, గురువారం, విశాఖపట్నంలో ఒక నరాల డాక్టరు దగ్గర నువ్వు రక్తపరీక్ష చేయించుకోవాలి. నేను మీ ఊరి బస్టాండులో ఉంటాను. నాతో మాట్లాడక్కర్లేదు. పక్క సీట్లో కూర్చోక్కర్లేదు. రక్తం ఇస్తే చాలు. ఎందుకో చెప్పడానికే మిగతా కాగితాలు.

ముందు మా నాన్న సంగతి. ఆయన బెల్లం వండితే చీడికాడ దాకా పేరని నీకు తెలుసు. వేళ్ళు నీళ్ళలో ముంచి, మరిగే పాకంలోంచి చిటికెడు లాగి, బొటనవేలితో నలిపి, దించండ్రా అనేవాడు. ఆ మాట తప్పిన రోజు లేదు. డిసెంబరు ఆఖర్లో మొదటిసారి తప్పింది. రెండు పెనాలు ముదిరిపోయి దిమ్మలు రాళ్ళలా వచ్చేయి. వీటితో గోడ కట్టుకోవచ్చు బాబూ అని కూలీలు నవ్వితే నాన్న చెరుకుని తిట్టేడు.

ఆ తరవాతి వారం, మధ్యాహ్నం. చిన్నమ్మి నీకు గుర్తుందా, పొయ్యిలోకి చెరుకుపిప్పి ఎగదోసే ఆవిడ? నాన్న ఆవిడతో ఏదో మాట్లాడుతూ చెయ్యి పాకంలో పెట్టేడు. వేళ్ళు తడపలేదు. పెట్టినవాడు తియ్యనూ లేదు. ఏటి సత్యారావుబాబూ, పెనంలో సేపలు పడతన్నావా అని చిన్నమ్మి నవ్విందట. రెండో క్షణంలో కేక పెట్టి ఆయన మోచెయ్యి పట్టి లాగేసింది. మూడు వేళ్ళ చర్మం పాకంతో పాటు ఊడి వస్తోంది. నాన్న ఆ చేతిని అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడట, దారిలో దొరికిన ఎవరిదో వస్తువుని చూసినట్టు. అరవలేదు. ఎంతసేపు పెట్టేనే అని అడిగేడట, చాలా మెల్లగా.

ఇది చిన్నమ్మి నాకు చెప్పి, ఆయన అడిగిన తీరుకే నాకు భయమేసింది గుంటా అంది. కాలిన చేతిని చూసి కాదట.

కానీ అక్కా, మా ఇంట్లో భయం అంతకు ముందే మొదలైంది. దసరా తరవాత నుంచి ఇంట్లో ఒక నడక వినబడుతోంది. ఒక అడుగు మామూలుగా. రెండోది నేలమీద తడిగుడ్డ విసిరినట్టు, ఫట్‌మని. మళ్ళీ మామూలు అడుగు. మళ్ళీ ఫట్. మామ్మకి ఇప్పుడు చూపు పూర్తిగా పోయింది. పొద్దస్తమానం వసారాలో మంచం మీద కూర్చుంటుంది. ఆ చప్పుడు వినబడగానే తల ఎత్తి, మీ తాతొచ్చేడు, ఆయనకి నీళ్ళియ్యండే అంటుంది. తాత పోయి ముప్పై ఏళ్ళు దాటింది. అమ్మ నిజంగానే చెంబుతో నీళ్ళు తెచ్చి గడప దగ్గర పెట్టేది. ఒకరోజు కాలేజీ నుంచి త్వరగా వచ్చేను. తలుపు దగ్గరికి వేసి ఉంది. లోపల ఆ నడక. మామ్మ తప్ప ఇంట్లో ఎవరూ ఉండని వేళ. నేను పుస్తకాలు అరుగు మీద పడేసి వీధి చివరిదాకా పరిగెత్తేను. సైన్సు చదువుకుంటున్న పిల్లని, నవ్వుకో.

కాసేపటికి సిగ్గేసి తిరిగి వచ్చి కిటికీలోంచి చూసేను. నాన్న పెరటి గుమ్మంలోంచి లోపలికి వస్తున్నాడు. ఎడమ మోకాలు పొలం గట్టు దాటుతున్నవాడిలా పైకెత్తి, పాదాన్ని జారవిడుస్తున్నాడు. చదునైన గచ్చు మీద. మొహంలో ఏ మార్పూ లేదు. ఆయనకి ఆ చప్పుడు వినబడుతున్నట్టే లేదు.

మీ నాన్న, పరదేశి పెదనాన్న, చివరి ఏడాది అలాగే నడిచేవాడు. నీకు గుర్తుండే ఉంటుంది. అప్పుడు కూడా మామ్మ, మీ తాతొచ్చేడు అనే అంది. ఆ మాట విని నువ్వు ఏడిస్తే, తాతే అయితే నాకు కోడిపులావు పెట్టమను అని పెదనాన్న నవ్వించేడు.

ఇప్పుడు నా చదువు గురించి కొంచెం. బయోటెక్నాలజీ డిగ్రీ, రెండో ఏడాది. ఈ మధ్య నాకు మాటల పిచ్చి పట్టింది. ఒక నోటుపుస్తకంలో మాటలు ఏరి పెట్టుకుంటున్నాను. పాఠంలో వచ్చినవీ, మామ్మ నోట వచ్చినవీ కూడా. మొద్దు, తిమ్మిరి, జన్యువు, పోగు, అన్నీ ఒకే పేజీలో ఉన్నాయి. హరిబాబు సారు పాఠం చెబుతుంటే మాటలు రాసుకోవడానికే ముందు బెంచీలో కూర్చుంటాను. డిసెంబరులో సారు ఒక పాఠం చెప్పేరు. అది నీకు చెప్పాలి. టీచరువి, తప్పుగా చెబితే దిద్దుకో.

మన ఒంట్లో ఒక్కొక్క కణం లోపల ఒక పెద్ద పుస్తకం ఉంటుంది. అది తన గది దాటి బయటికి రాదు. కణానికి ఏదైనా మాంసకృత్తు కావాలంటే, అందులో కావలసిన పేజీకి ఒక చీటీ నకలై బయటికి వస్తుంది. చెరుకు నరకమని గోవాడ చక్కెర ఫ్యాక్టరీ నుంచి కటింగ్ ఆర్డరు వచ్చినట్టు. ఆర్డరు చేతికొస్తేనే కత్తి లేస్తుంది. ఆ కాగితం దారిలో చిరిగిపోయిందనుకో, ఫ్యాక్టరీ రిజిస్టరులో మన పేరు చెక్కుచెదరదు, తోట కూడా అలాగే నిలబడి ఉంటుంది, నరకడం మాత్రం జరగదు. జన్యువు గొంతు ఆపడమంటే అదేనట. పుస్తకాన్ని ఎవరూ ముట్టుకోరు. చీటీని మాత్రం చింపేస్తారు.

చింపేది చాలా చిన్నది. రెండు పోగుల ముక్క, పోగుకి ఇరవయ్యొక్క అక్షరాలు. కణంలోకి వెళ్ళేక ఒక పోగు రాలిపోతుంది. మిగిలిన పోగుని ఒక మాంసకృత్తు పట్టుకొని తిరుగుతుంది. ఆ పోగులో అక్షరాలకి జతగా అతికే చీటీ తగిలితే అక్కడ కోసేస్తుంది. కోసి, మళ్ళీ ఇంకో చీటీ కోసం వెతుకుతుంది. పురుగుల్లో అయితే పొడుగు ముక్కలు వేసినా పని జరిగిందట. మనలాంటి పాలిచ్చి పెంచే జంతువుల కణాల్లో పొడుగు ముక్క వేస్తే, వైరస్ చొరబడిందని కణం హడలిపోయి, ఉన్న పనులన్నీ ఆపేసి, ఒక్కోసారి తనని తానే చంపుకుంటుందట. చిన్న ముక్కలైతే ఆ గగ్గోలు లేకుండా పని అవుతుందని తరవాత తెలుసుకున్నారు. లేని శత్రువుని చూసి తనని తాను చంపుకునే ఇల్లు, అని నేను నోట్సు అంచున రాసుకున్నాను. ఎందుకు రాసేనో అప్పుడు నాకే సరిగ్గా తెలీదు.

చివర్లో సారు, ఈ పద్ధతిలో వచ్చిన మొదటి మందులు ఒక వంశపారంపర్య జబ్బుకి అన్నారు. ఆ జబ్బులో ముందు పాదాలు మొద్దుబారతాయి, తరవాత చేతులు, మనిషి చిక్కిపోతాడు, లేచి నిలబడితే కళ్ళు తిరుగుతాయి, ఆఖరికి గుండె పట్టుకుంటుంది అన్నారు. ఒక్కొక్కటే బోర్డు మీద రాసేరు. మీ నాన్నని ఎవరో బోర్డు మీద మళ్ళీ చంపుతున్నట్టు అనిపించింది నాకు. గంట కొట్టినా లేవలేదు. ఏటమ్మా పాఠం అంత బాగుందా అని సారు నవ్వేరు. మా ఇంట్లో ముగ్గురు ఇలాగే నడిచేరు సారూ అన్నాను. సారు చాక్‌పీసు కింద పెట్టేసేరు.

డాక్టరు చిరునామా ఆయనే ఇచ్చేరు. నాన్న మొదట రానన్నాడు. వేళ్ళు కాలేక ఏమీ అనకుండా వచ్చేడు. పరీక్షలన్నీ అయి, జన్యు రిపోర్టు వచ్చి రెండు వారాలైంది. మన కాలేయం ఒక మాంసకృత్తు తయారు చేస్తుంది, విటమిన్ ఎ లాంటివి మోసుకెళ్ళడానికి. మన వంశంలో దాని పేజీలో ఒక్క అక్షరం తప్పు. ఆ తప్పు వల్ల అది విడిపోయి, పోగులు పోగులుగా నరాల దగ్గరా గుండెలోనూ పేరుకుపోతుంది, పెనం అడుగున మాడు కట్టినట్టు. తాత నుంచి మీ నాన్నకీ మా నాన్నకీ వచ్చింది. చిన్న ముక్కల మందు ఆ చీటీలని కాలేయంలో చింపేస్తుంది. మూడు నెలలకి ఒక సూది. పుస్తకంలో తప్పు అలాగే ఉంటుంది కాబట్టి సూది ఆపకూడదు. పోయిన స్పర్శ తిరిగి రావడం కష్టం. ఇక ముందుకు పోకుండా ఆపడమే ముఖ్యం. అందుకే ఎంత ముందుగా తెలిస్తే అంత మేలు అన్నారు డాక్టరు.

మందు మనలాంటి వాళ్ళకి అందేది కాదు. ఉచితంగా ఇప్పించే దారి ఉందేమోనని డాక్టరు దరఖాస్తు రాసేరు. జవాబు ఇంకా రాలేదు. వస్తుందని నీకు అబద్ధం చెప్పను.

రిపోర్టు ఇచ్చిన రోజు డాక్టరు నాన్నని పాత సంగతులు అడిగేరు. మీ ఇంట్లో ఎప్పుడైనా ఎవరికైనా కాలికి దెబ్బ తగిలి, రక్తం కారినా తెలీకుండా తిరిగేరా, ముల్లు గానీ మేకు గానీ దిగినా తెలీకుండా, అని. అమ్మ చీరకొంగు నోట్లో కుక్కుకుంది. నాన్న తల దించుకున్నాడు. డాక్టరు మళ్ళీ అడిగేరు. మా అన్నకి అన్నాడు నాన్న. ఆ మాట మా ఇంటి మనిషి నోట రావడానికి తొమ్మిదేళ్ళు పట్టింది.

అక్కా, ఆ పదోరోజు సంగతి నీకు తెలిసిందే. అయినా రాయాలి. పెదనాన్న పెద్దకర్మనాడు ఆయన చెప్పుల జతలో ఒకటి ఏమైందని మామ్మ అడిగింది. బావి పక్కన తవ్వితే ఆ ఎడమకాలి చెప్పు బయటపడింది. అడుగు నుంచి పైకి మేకు దిగి ఉంది. చుట్టూ ఎండిన రక్తం. కప్పెట్టింది నేనే, మేకు దిగిన సంగతి ఆయనకే తెలీలేదు, మామ్మ చూస్తే భయపడతాదని ఆయనే దాచమన్నాడు అంది పెద్దమ్మ. మేకు కాల్లో దిగితే మనిషికి తెలీకుండా ఉంటాదేటే, మేమేటి ఎర్రోళ్ళమా అంది మామ్మ. చిల్లంగి అన్న మాట మొదట ఎవరన్నారో నాకు గుర్తులేదు. ఆ మాట ఒక్కసారి నేలమీద పడ్డాక అందరూ దాన్నే అన్నారు. మొగుడి చెప్పుకి మేకు కొట్టి పాతిపెట్టి, చేతబడి చేసి చంపిందన్నారు. పెద్దమ్మ మూడుసార్లు చెప్పింది, ఒకేలా. ఎవరూ వినలేదు. మా నాన్న కూడా. సాయంత్రానికి నువ్వు ఇంటరు పుస్తకాలు చీరలో మూటగట్టి, పెద్దమ్మ చెయ్యి పట్టుకొని ఆటో ఎక్కేవు. వెనక్కి చూడలేదు.

పెద్దమ్మ బావి దగ్గర ఏదో పాతడం చూసేనని చెప్పి, ఆ చోటు చూపించింది నేనని నీకు తెలుసు. పదకొండేళ్ళ పిల్ల చూసింది చూసినట్టు చెప్పింది, చిన్నపిల్లలకి అబద్ధం తెలీదు అన్నారు అందరూ.

పెద్దమ్మ చెప్పింది ప్రతి అక్షరం నిజమని ఇప్పుడు మా నాన్న రక్తం చెబుతోంది. మేకు దిగితే తెలీకుండా ఉంటుంది. మరిగే పాకంలో చెయ్యి పెడితే తెలీకుండా ఉంటుంది. తిరుగు బస్సులో నాన్న నా పక్కన కూర్చున్నాడు. ఒదిన మూడుసార్లు సెప్పిందే, నేను మూడుసార్లూ నేల చూసేనే అన్నాడు. అంతే. కె.కోటపాడు వచ్చి గుమ్మంలో నిలబడదామంటాడు. మర్నాడు చొక్కా తొడుక్కొని మళ్ళీ విప్పేస్తాడు.

మామ్మకి రిపోర్టు సంగతి చెప్పేను. జన్యువు అంటే ఏమిటో ఉప్పూ పప్పూ పెట్టి అరగంట చెప్పేను. అంతా విని, అయితే మీ తాత వైపుది గదా, నా వైపుది కాదు గదా అంది. నాకు ఒళ్ళు మండింది. నవ్వు కూడా వచ్చింది. మళ్ళీ తనే, ఆ గుంటని తీసుకురండే అంది. ఏ గుంటని అని అడిగేను, తన నోటితో అనాలని. పరదేశి కూతుర్ని, ఆళ్ళ నాన్న నడక దానికి రానియ్యకండే అంది. ఆ తరవాత గోడవైపు తిరిగి పడుకుంది. అన్నం తినలేదు.

మీ నాన్న నుంచి నీకు ఆ తప్పు అక్షరం వచ్చి ఉండడానికి సగం అవకాశం. రాకపోవడానికి సగం. నాకూ అంతే. నేను రక్తం ఇచ్చేను, ఫలితం రావాలి. ఈ పది రోజులుగా పొద్దున్న లేవగానే మంచం మీంచి పాదం దించి, గచ్చు చల్లగా ఉందా లేదా అని చూసుకుంటున్నాను. చల్లగానే ఉంది. అయినా నడుస్తున్నప్పుడు నా అడుగుల చప్పుడు నేనే వింటున్నాను. నిన్న వసారాలో నడుస్తుంటే మామ్మ తల ఎత్తింది. నేను అక్కడే ఆగిపోయేను. ఆవిడ ఏమంటుందోనని నిలబడ్డాను. ఎవరే అది అంది. నేనే మామ్మా అన్నాను. ఆ రెండు మాటలు చెప్పడం అంత హాయిగా ఎప్పుడూ లేదు.

నీకు ఇరవయ్యారు. పెదనాన్న నలభయ్యారుకే పోయేడు. మధ్యలో ఉన్న ఏళ్ళు నీవి అక్కా. మా మీద కోపంతో వాటిని వదులుకోకు. కోపం ఉంచుకో, పరీక్ష చేయించుకో. గురువారం పొద్దున్న ఏడున్నరకి కె.కోటపాడు బస్టాండులో ఉంటాను. నువ్వు రాకపోతే మర్నాడు వస్తాను. ఆ మర్నాడూ వస్తాను. డాక్టరుకి చెప్పి ఉంచేను.

పెద్దమ్మకి మోకాళ్ళ నొప్పులని విన్నాను. మెట్లు ఎక్కనియ్యకు.

ఇట్లు,
నీ చెల్లెలు అనిపించుకునే అర్హత కోసం చూస్తున్న
దేవిశ్రీ

తాజాకలం: సంతకం పెట్టేక రెండుసార్లు కవరు అంటించబోయి ఆగేను. చూసింది చూసినట్టు చెప్పిన పిల్లని కాదు నేను. ఆ చెప్పు పాతిన పొద్దున్న బావి దగ్గర పెద్దమ్మ ఒక్కతే లేదు. పెదనాన్న కూడా ఉన్నాడు. బట్టలుతికే రాయి మీద కూర్చొని ఉన్నాడు. పెద్దమ్మ ఆయన కాలి నుంచి చెప్పు లాగుతోంది, చెప్పుతో పాటు మేకు పాదంలోంచి వస్తోంది. ఆవిడ ఏడుస్తోంది. మేకు నా కాల్లో దిగిందా నీ కాల్లో దిగిందా రాజ్యం అని ఆయన నవ్వుతున్నాడు. అప్పుడు నన్ను చూసేడు. దగ్గరికి పిలిచి, మీ మామ్మకి తెలిస్తే తాతొచ్చేడంటాది, నన్నిక్కడ సూసినట్టు ఎవరికీ సెప్పకు దేవీ అన్నాడు. చెప్పనని ఆయన చేతిలో చెయ్యి వేసేను. పదోరోజు మామ్మ అడిగినప్పుడు ఆ మాట నిలబెట్టుకుంటున్నాననే అనుకొని, పెద్దమ్మ గురించి చెప్పి, ఆయన్ని తీసేసేను. చెప్పు బయటపడి అందరూ అరవడం మొదలుపెట్టేక, నిజం చెబితే నన్ను ఏమంటారోనని అమ్మ వెనక దాక్కున్నాను. మాట కోసం కాదు, భయంతో. నేను చూసేనని పెద్దమ్మకి తెలుసు. మూడోసారి చెబుతున్నప్పుడు నా వైపు ఒక్కసారి చూసింది. ఈ గుంటని అడగండి అంటే చాలు. అనలేదు. ఆ గుంపుని నా మీదికి తిప్పలేదు. ఇంట్లో ఇంకా ఎవరికీ చెప్పలేదు, మొదట వినవలసింది ఆవిడ. అక్కా, ఇప్పుడు అడగమను. ఎవరి ముందు నిలబెట్టి అడిగినా చెబుతాను.